శాలువా కప్పించుకోని పిల్లి

మా ముత్యాలపేట మునిసిపాలిటీకి సొంత శాలువా ఉంది. ఒకటే ఉంది. వంకాయ రంగు, రెండు వైపులా జానెడు జరీ అంచు, చివర్న కుచ్చులు. ఎవరికి సన్మానం జరిగినా చైర్మన్ గంగిరాజుగారు దాన్నే కప్పుతారు, నేను ఫొటో తీస్తాను, అటెండరు మెడ మీద నుంచి సుతారంగా లాగి, మడతపెట్టి బీరువాలో పెట్టేస్తాడు. బస్టాండు సెంటర్లో ఫొటో స్టూడియో నాది. ఊళ్లో ఎవరి గౌరవమైనా నా కెమెరాలోంచి వెళ్లవలసిందే.

మనిషికో శాలువా కొంటే ఆడిట్ వాళ్లు ఊరుకోరట. పోనీ ఉన్నదాన్ని ఉతికిద్దామంటే టెండరు పిలవాలి. ఒకసారి పిలిచారు కూడా. ఉతుకులో జరీ దెబ్బతింటే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఫైలు ఆగిపోయింది. అందువల్ల మా శాలువా నీళ్లు ముట్టుకోకుండానే మూడు పాలకవర్గాలను చూసింది. కప్పించుకున్నవాళ్లెవరూ ఏనాడూ ఫిర్యాదు చేయలేదు. ముక్కు మూసుకుని నవ్వడం మా ఊరి పెద్దమనుషులకు బాగా అలవాటు.

అలాంటి రోజుల్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చిన్న జంతువులలో అంటువ్యాధుల నివారణ పక్షోత్సవాలు జరపాలని, కుక్కలు, పిల్లులు, కుందేళ్లు మొదలైనవాటిలో రోగాలు ఒకదాని నుంచి ఒకదానికి ఎలా పాకుతాయో ప్రజలకు తెలియజెప్పాలని దాని సారాంశం. కౌన్సిల్ సమావేశానికి పశువుల డాక్టరు మస్తాన్‌వలీని పిలిచారు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. చదివింది నిజంగానే చదివినవాడు, మా ఊరికి అది కాస్త ఇబ్బంది.

"పెద్ద ఖర్చేం లేదు సార్," అన్నాడు డాక్టరు. "టీకాలు వేద్దాం. రోగమున్నదాన్ని విడిగా ఉంచమందాం. ఒకదాని గిన్నె, దువ్వెన, పక్కగుడ్డ ఇంకోదానికి వాడొద్దని చెబుదాం. సగం జబ్బులు అక్కడే ఆగిపోతాయి."

"బాగా చెప్పారండి," అన్నారు గంగిరాజుగారు. "కానీ టీకా అంటే జనం రారండి డాక్టరుగారూ. సూదంటే మనిషే పారిపోతాడు, కుక్క ఆగుద్దా? అదే సన్మానం అన్నామనుకోండి, ఆయ్, కుక్కలే నడిచొచ్చేత్తాయి."

కమిషనర్ వరదాచారిగారు కళ్లజోడు సవరించుకుని అక్కడికక్కడే తీర్మానం చెప్పారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా తీర్మానంలాగే అడుగుతారని వినికిడి. "రోగరహిత జంతువులను గుర్తించి, వాటిని సముచిత రీతిన సత్కరించుట ద్వారా, రోగగ్రస్త జంతువులలో ఆరోగ్యము పట్ల ఆసక్తిని పెంపొందించవలెనని తీర్మానించడమైనది. సత్కారము పొందిన జంతువును ఆరోగ్యవంతమైనదిగా పరిగణించవలెను."

"ఆసక్తి ఉన్నంత మాత్రాన జంతువుకి జబ్బు తగ్గదు కదా సార్?"

"ఆసక్తి లేనిచో అసలే తగ్గదు కదా," అన్నారు వరదాచారిగారు. డాక్టరు తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంత చదువూ చదివి ఏం లాభం!

పక్షోత్సవాలు మునిసిపల్ కల్యాణమండపంలో బ్యాండుమేళంతో మొదలయ్యాయి. మొదటి సన్మానం గంగిరాజుగారి బంటికి. బంటి అంటే తెల్లటి పొమరేనియన్ కుక్క, ఊరంతటికీ తెలుసు. డాక్టరు దాని మెడ వెనక బొచ్చు పక్కకు తీసి చూశాడు. అక్కడ రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా వెంట్రుకలు ఊడి, పొట్టు రాలుతోంది.

డాక్టరు ముఖం మారిపోయింది. మైకు అందుకున్నాడు. "సార్, ఇది తామర. ఒక రకం బూజు. దీని పొట్టులో, రాలిన వెంట్రుకలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. దీన్ని తాకిన గుడ్డ ఇంకే జంతువుకీ తగలకూడదు. మనిషిక్కూడా అంటుకుంటుంది. దయచేసి ఈ కుక్కకి శాలువా…"

అంతవరకే వినబడింది. తరువాత మైకు పనిచేయలేదు, బ్యాండువాళ్లు పనిచేశారు.

"అది పుట్టుమచ్చండి," అన్నారు గంగిరాజుగారు నవ్వుతూ. "మా వంశంలో అందరికీ ఉంటది." బంటికి శాలువా కప్పారు. అటెండరు తీశాడు. తరువాతి కుక్కకు కప్పారు. అటెండరు తీశాడు. ఊళ్లో ఉన్న కుక్కలన్నీ వరసలో నిలబడి, ఒకదాని వెనక ఒకటి గౌరవం పొందాయి.

ఇంత అందమైన సభ నేనెన్నడూ ఫొటో తీయలేదు. హోటల్ యజమాని పెంచుకునే కుందేలు శాలువా కింద పూర్తిగా మాయమైపోయింది. వెతికి తీసేసరికి దాని నోట్లో రెండు కుచ్చులున్నాయి. చిలకల పంజరం మీద శాలువా కప్పగానే అవి పొద్దుపోయిందనుకుని నిద్రపోయాయి. పిల్లులకు మాత్రం మర్యాద తెలియదు. పోస్టుమాస్టరుగారి పిల్లి శాలువా పడగానే ఎగిరి పెద్ద డోలులో దూరింది, డోలు వాయించేవాడికి ఆ సంగతి తెలియదు. తరువాత జరిగినదానికి నేను ఫొటో తీయలేకపోయాను. నవ్వాపుకోలేక కెమెరా కింద పెట్టేశాను.

ఊరు ఊరంతా వచ్చిన ఆ సభకు రానిది నూకరత్నం ఒక్కతే. మార్కెట్ వీధిలో అటుకులూ మరమరాలూ అమ్ముతుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆవిడకున్నదల్లా ఒక కొట్టు, ఒక పేలాల పొయ్యి, కోవా అనే తెల్లపిల్లి. ఆ పిల్లి ఉండబట్టే కొట్టు ఉంది, లేకపోతే అటుకుల బస్తాలు ఎలుకల పాలు. పగలు కోవా గల్లాపెట్టె మీద పడుకుంటుంది, రాత్రి ఆవిడ కాళ్ల దగ్గర. మనిషితో మాట్లాడినట్టే దానితో మాట్లాడుతుంది ఆవిడ, అది కూడా మనిషిలాగే సగం వింటుంది.

"ఏమ్మా, సన్మానానికి రాలేదే?" అని అడిగాను.

"కొట్టు ఒగ్గేసి ఎక్కడికొత్తానండి? ఎలకలకి సెలవిచ్చారాండి కమిషనరుగారు?" అంది. "అయినా ఎలకని పట్టడం దాని పనేనండి. దానికి సన్మానమెందుకండి?"

చేసే పనికి సన్మానం ఎందుకని అడిగిన మనిషిని మా ఊళ్లో నేను అదే మొదటిసారి చూడడం.

పక్షం గడిచి, మరికొన్ని రోజులు గడిచాయి. ఊరి కుక్కల మెడల మీద గుండ్రటి మచ్చలు తేలాయి. తరువాత పిల్లుల చెవుల మీద. కుందేలు వీపు మీద ఇంకా పెద్దది వచ్చింది. ఆ వెనకే వాటిని ముద్దాడిన యజమానుల చేతుల మీద, బుగ్గల మీద, బంటిని పొట్ట మీద పడుకోబెట్టుకునే గంగిరాజుగారి పొట్ట మీద. నా కుడిచేతి మణికట్టు మీద కూడా ఒకటి వచ్చింది. ఫొటోకి ముందు శాలువా మడతలు సరిచేసేది నేనే కదా. "గుండ్రని మచ్చలు కనబడుచున్నవను వదంతులను ప్రజలు నమ్మరాదు," అని కమిషనరుగారు ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన చదివినవాళ్లందరూ ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో మెడ పట్టుకుని చదివారు. మర్నాడు ఇంకో ఉత్తర్వు వచ్చింది: "కార్యాలయ పనివేళలలో గోకుకొనుట నిషిద్ధము." దాంతో గుమాస్తాలు తలుపు అంచుకు వీపు ఆనించి పైకీ కిందికీ కదలడం మొదలుపెట్టారు. అది గోకుకొనుట కిందికి రాదని వాళ్ల వాదన.

వ్యాధి ముదిరినప్పుడు ఏ ఊళ్లోనైనా మందు పంచుతారు. మా ఊళ్లో దానితో బాటు తామర నివారణ యోధులకు సన్మానాలు కూడా పెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టరుకు శాలువా. తామర మందు ఎక్కువగా అమ్మిన మెడికల్ షాపు ఆయనకు శాలువా. మచ్చలున్నా ధైర్యంగా తిరుగుతున్నందుకు వైస్ చైర్మన్‌గారికి శాలువా. తామర ఎంత పద్ధతి గలదంటే, ప్రోటోకాల్ తప్పలేదు. వైస్ చైర్మన్‌కు రాకముందు కౌన్సిలర్లకు రాలేదు, కౌన్సిలర్లకు రాకముందు మేనేజరుకు రాలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. సన్మానాలకు ఎప్పుడూ నోచుకోని ప్రతిపక్ష కౌన్సిలర్ల ఒంటిమీద మచ్చలు లేవు. వాళ్లు దీన్ని సహించలేకపోయారు. "శాలువాల పంపిణీలో పాలకపక్షం వివక్ష చూపుతోంది," అని మునిసిపల్ ఆఫీసు ముందు బైఠాయించారు. గంగిరాజుగారు పెద్దమనసు గలవారు. ఆ సాయంత్రమే పిలిచి ఒక్కొక్కరికీ కప్పారు. కొన్నాళ్లు తిరిగేసరికి రెండు పక్షాలూ ఒకే విధంగా గోకుకుంటూ సభలో కూర్చున్నాయి. మా కౌన్సిల్‌లో అంత ఐకమత్యం నేను పుట్టాక చూడలేదు.

డాక్టరు మస్తాన్‌వలీ మాత్రం ఊరంతా తిరుగుతూనే ఉన్నాడు. మందులు రాసేవాడు, జంతువులను విడిగా కట్టించేవాడు, కనిపించిన అధికారినల్లా ఆపి "ఆ శాలువాని తగలబెట్టండి సార్," అని బతిమాలేవాడు. "ప్రభుత్వ ఆస్తిని దగ్ధము చేయమని సలహా ఇచ్చినందులకు తగిన వివరణ ఇవ్వవలెను," అని కమిషనరుగారు ఆయనకు మెమో ఇచ్చారు.

మచ్చలు ఇక దాచలేనంత అయ్యాయి కాబట్టి, రోగం ఎక్కడ పుట్టిందో కనిపెట్టడానికి విచారణ వేశారు. విచారణాధికారి కమిషనరుగారే. ఆయన వార్డు వార్డూ తిరిగి, ప్రతి జంతువునూ పరిశీలించారు. అన్నిటికీ మచ్చలున్నాయి. చివరికి మార్కెట్ వీధిలో నూకరత్నం కొట్టుకు వచ్చారు. గల్లాపెట్టె మీద నిద్రపోతున్న కోవాని తిరగేసి, మరగేసి, చెవులు మడిచి, తోకెత్తి చూశారు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. కోవా ఆవులించింది.

"అనుమానాస్పదము," అన్నారు కమిషనరుగారు.

నివేదికలో ఆయన తర్కం ఇలా సాగింది. ఊళ్లో ప్రతి జంతువుకూ రోగమున్నది. రోగమున్న ప్రతి జంతువూ దానిని మరొకరి నుంచి పొందినది. అందరూ పొందినవారే అయినచో, ఇచ్చినవారు వేరొకరు ఉండవలెను. ఉన్నదంతా ఇచ్చివేసిన జీవి వద్ద ఏమియు మిగలదు. ఏమియు మిగలని జీవి పట్టణమున ఒక్కటే కలదు.

దీని మీద కౌన్సిల్‌లో చర్చ జరిగింది. కోవాని శనివారం లోపు ఊరి చివర కాలవ లాకుల అవతల వదిలిపెట్టాలనే తీర్మానానికి అనుకూలురు చేతులెత్తమన్నారు. సరిగ్గా అప్పుడే అందరికీ మెడ వెనక దురద పుట్టింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆ సాయంత్రం నూకరత్నం నా స్టూడియోకి వచ్చింది. ఆవిడ ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. భర్త పోయినప్పుడు కూడా కొట్టు మూయలేదు ఆవిడ.

"దాన్ని లాకుల కాడ ఒగ్గేత్తే బతకదండి," అంది. "కాలవ గట్టంతా కుక్కలేనండి. అది గల్లాపెట్టె దిగి ఎరగదండి. అదేం చేసిందండి బాబూ? రోగం లేకపోవడం కూడా తప్పేనాండి?"

నాకు ఒళ్లు మండిపోయింది. తామర మంట కాదు, అది వేరేగా ఉంది. ఆవిణ్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు అంతా విని, "శనివారం సభ పెట్టించండి. ఈసారి మైకు కట్ చేసినా అరిచి చెబుతాను," అన్నాడు. ఆయన కళ్లలో ఆ పట్టుదల చూసి, ఇక ఊరికి మంచిరోజులు వచ్చాయనుకున్నాను.

సభ అంటే గంగిరాజుగారు కాదనరు. శనివారం కల్యాణమండపం కిక్కిరిసిపోయింది. జనం ఒకరి వీపు ఒకరు గోకుతూ సహకరించుకుంటున్నారు. నూకరత్నం మూతబుట్టలో కోవాని పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. డాక్టరు వేదిక ఎక్కి, చేతులకు తొడుగులు వేసుకుని, బల్లమీద మడతపెట్టి ఉన్న శాలువాని విప్పి పట్టుకున్నాడు.

"చూడండి. ఇది చైర్మన్‌గారి బంటి బొచ్చు. ఈ గోధుమరంగుది హోటల్ కుందేలుది. ఈ నల్లవి పోస్టుమాస్టరుగారి పిల్లివి. ఊళ్లో జంతువులన్నీ ఈ గుడ్డలోనే ఉన్నాయి. ఎవరికి ఇది కప్పారో వాళ్లకి మచ్చ వచ్చింది, వాళ్ల నుంచి వాళ్ల ఇంట్లోవాళ్లకి వచ్చింది. కోవాకి కప్పలేదు, రాలేదు. అంతే. ఇందులో పిల్లి తప్పు ఏముంది?"

సభలో గోకుడు ఆగింది. గంగిరాజుగారు కళ్లు తుడుచుకుంటూ లేచారు. ఆయన నిజంగానే కదిలిపోయారు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇంత గొప్ప సంగతి కనిపెట్టిన డాక్టరు మన ఊళ్లో ఉండడం మన అదృష్టవండి," అన్నారు గద్గదంగా. "ఇలాంటి మనిషిని సత్కరించుకోకపోతే మనం మనుషులవే కాదు!" అంటూ డాక్టరు చేతుల్లోంచి ఆ శాలువానే అందుకుని, రెండు చేతులా విప్పారు.

డాక్టరు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండు మోగింది. అప్పుడు నేను చూసింది ఎవరికి చెప్పినా నమ్మరు. నెలరోజులుగా ఆ గుడ్డని కాల్చమని ఊరంతా మొత్తుకున్న మనిషి, చప్పట్లు వినగానే, నెమ్మదిగా, ఎవరో లాగినట్టుగా, తల వంచాడు. శాలువా మెడ మీద పడింది. ఫొటోలో ఆయన ముఖం ఏడుస్తోంది, పెదవులు నవ్వుతున్నాయి. తప్పు ఆయనది కాదు. మా జిల్లాలో విప్పిన శాలువాకు తల వంచనివాడు ఇంతవరకూ పుట్టలేదు.

"ఇక పిల్లి సంగతండి. అది నిర్దోషి!" అని ప్రకటించారు గంగిరాజుగారు. నూకరత్నం బుట్టను గుండెలకు హత్తుకుంది.

కమిషనరుగారు గొంతు సవరించుకున్నారు. "నిర్దోషి కావచ్చును. అయితే, సత్కారము పొందిన జంతువే ఆరోగ్యవంతమైనదని తీర్మానము కలదు. పొందని దానిని పట్టణమున ఉంచుటకు నిబంధనలు అంగీకరించవు. కావున సత్కారమా, లాకులా, యజమానురాలు ఎంచుకొనవచ్చును."

"అదెంత పనండి! కప్పేద్దాం," అంటూ గంగిరాజుగారు డాక్టరు మెడ మీంచి శాలువా తీసుకుని వేదిక దిగారు. వేడివేడిగా ఉన్న శాలువా. డాక్టరు "వద్దు వద్దు" అంటున్నాడు గానీ బ్యాండులో ఎవరికీ వినబడలేదు. బుట్టలో కోవా ఒకసారి అరిచింది.

నూకరత్నం బుట్టను నా కాళ్ల దగ్గర పెట్టి, అడ్డంగా వెళ్లి నిలబడింది. "ఆగండన్నయ్యగారూ! దాన్ని పెంచింది నేనేనండి. దాని బదులు నాకు కప్పండి."

గంగిరాజుగారు కమిషనరుగారి వైపు చూశారు. "నిషేధము లేదు. పిల్లి విషయము తదుపరి పరిశీలించవచ్చును," అన్నారు ఆయన. మా ఊళ్లో ఇంతవరకూ ఒక్క ఆడమనిషికీ సన్మానం జరగలేదు, అందుకే దాని మీద నిబంధన కూడా లేదు. గంగిరాజుగారు శాలువా కప్పారు. ఆవిడ వంచిన తల ఎత్తింది. నేను ఫొటో తీశాను. అటెండరు అలవాటు ప్రకారం వెనక నుంచి వచ్చి కుచ్చులు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి!" అంది నూకరత్నం.

మండపమంతా మారుమోగింది. బ్యాండు ఆగిపోయింది.

"అన్నయ్యగారు పదిమందిలో ఆడపడుచుకి పెట్టిన బట్టండి ఇది," అంది ఆవిడ శాలువాని ఒంటికి చుట్టుకుని. "మీ ఇంట్లో ఆడపడుచుకి బట్ట పెట్టి, ఫొటో తీసి, మళ్లీ లాక్కుంటారాండి?"

ఆడవాళ్ల వరసల్లోంచి "అమ్మమ్మ! అరిష్టం, అరిష్టం" అన్న మాటలు లేచాయి. ఎవరో లెంపలు వేసుకున్నారు. "నిబంధనల ప్రకారము శాలువా పురపాలక సంఘ ఆస్తి కనుక…" అని కమిషనరుగారు మొదలుపెట్టారు.

"మీరు ఊరుకోండి!" అని గంగిరాజుగారు ఆయన మీద విరుచుకుపడ్డారు. "ఆడపడుచుకి పెట్టిన బట్ట వెనక్కి తీసుకున్నానని తెలిత్తే మా అమ్మ నన్ను గుమ్మం ఎక్కనిత్తదా? చెల్లెమ్మా, అది నీదేనమ్మా. తీసుకుపో."

నూకరత్నం నాతో, "బుట్ట మీరు తెండి. నేను ముట్టుకోను," అంది. ఆవిడ ముందు నడిచింది, నేను మచ్చలేని ఎడమచేత్తో బుట్ట పట్టుకుని దూరంగా వెనక నడిచాను. కొట్టు వెనక పేలాల పొయ్యి రాజుకుని ఉంది. ఆవిడ శాలువాని నాలుగు మడతలు వేసి, కళ్లకు అద్దుకోబోయి ఆగి, పొయ్యిలో తోసింది. కాలిన కంపు మార్కెట్ వీధి దాటి మునిసిపల్ ఆఫీసు దాకా పోయింది. ఆ వాసనలో ఊళ్లో ప్రతి కుక్కా ఉంది.

డాక్టరు వచ్చి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. ఆవిడ విన్నది విన్నట్టు చేసింది. కోవాని కొట్టులో ఉంచి తను పెరటి పాకలోకి మారింది. బేరాలు చూడడానికి అక్క కూతురిని పిలిపించింది. అనుకున్నట్టే భుజం మీద గుండ్రటి మచ్చ వచ్చింది. మందు రాసుకుంటూ, రోజూ సాయంత్రం మూసిన తలుపుకు ఇవతల కూర్చునేది. కోవా అవతల నుంచి తలుపు కింద పంజా పెట్టి అరిచేది. "వచ్చేత్తానే, వచ్చేత్తాను. కాత్త ఓర్చుకోవే తల్లీ," అనేది ఆవిడ. ఆ పంజాని ఒక్కసారి ముట్టుకోవాలని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకునేది. నేను అటుకులు కొనడానికి వెళ్లి అది చూసి, అటుకులు కొనకుండానే వచ్చేశాను.

శాలువా లేనందువల్ల ఊళ్లో సన్మానాలు ఆగిపోయాయి. కొత్తదానికి టెండరు నలుగుతోంది. ఈలోగా డాక్టరు, తన మెడకు మందు రాసుకుంటూనే, ఊరందరి మెడలకూ మందు రాసి, కుక్కలకు స్నానాలు చేయించి, పక్కగుడ్డలు ఉడకబెట్టించాడు. మచ్చలు మాని వెంట్రుకలు వచ్చాయి. "సత్కారముల ద్వారా జంతువులలో కలిగిన ఆరోగ్యాసక్తి ఫలితముగా వ్యాధి సమూలముగా నిర్మూలించబడినది," అని కమిషనరుగారు పైకి రాశారు. మిగతా పట్టణాలన్నీ ముత్యాలపేట పద్ధతిని అనుసరించాలని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

డాక్టరు నూకరత్నం భుజం చూసి, "ఇక భయం లేదమ్మా," అన్న రోజున నేను అక్కడే ఉన్నాను. ఆవిడ తలుపు తీసింది. కోవా గల్లాపెట్టె మీద నుంచి ఆవిణ్ని చూసి, ముఖం తిప్పేసుకుని, తీరిగ్గా కాలు నాకుకుంది. ఆవిడ నేల మీద కూలబడి, ఇన్నాళ్ల ఏడుపూ ఏడ్చింది. అప్పుడు అది దిగి వచ్చి, ఏమీ జరగనట్టు ఆవిడ ఒళ్లో ఎక్కి ముడుచుకుంది.

తీర్మానం ఇప్పటికీ అమలులోనే ఉంది. సత్కారం పొందలేదు కాబట్టి, మునిసిపల్ రికార్డుల ప్రకారం మా ఊళ్లో ఆరోగ్యం లేని చిన్న జంతువు ఒకటే మిగిలింది, అది ఆవిడ ఒళ్లో గుర్రుపెడుతోంది. నాకు సంతోషం పట్టలేక కెమెరా తీశాను.

నూకరత్నం గబుక్కున కొంగుతో పిల్లిని కప్పేసింది. "వద్దండి బాబూ, మీకు పుణ్యముంటది! ఫొటో తీశారంటే సన్మానం అయిపోద్దండి."